కుక్కవామింట గింజలతో పోపు: చేనుగట్టు నుంచి పోపులడబ్బా దాకా

తొలకరి పడ్డ నెలన్నరకల్లా విశాఖ చుట్టూ ఖాళీ స్థలాల్లో, జీడిమామిడి తోటల అంచుల్లో, నువ్వు చేల గట్ల మీద పసుపుపచ్చ పూలతో ఒక మొక్క నిలబడి ఉంటుంది. తాకితే వేళ్లకి బంకగా అంటుకుంటుంది, ఆకు నలిపితే ఆవాల లాంటి ఘాటు వాసన వేస్తుంది. అదే కుక్కవామింట. ఇక్కడ దాన్ని కలుపని పీకి గట్టున పారేస్తాం. హిమాలయాల దగ్గర గఢ్వాల్, కుమావూఁ వాళ్లు ఇదే మొక్క గింజల్ని జఖియా అని పిలుచుకుని, ఆవాలు, జీలకర్రలకి సాటిగా రోజూ పోపులో వేసుకుంటారు. ఉత్తరాఖండ్ బజార్లలో ఆ గింజలు డబ్బిచ్చి కొనుక్కునే సరుకు. మన గట్ల మీద ఊరికే రాలిపోతున్నాయి.

పేరులోని ‘కుక్క’కి కంగారు పడక్కర్లేదు. కుక్కతులసి లాగే ఇది కూడా, ఇంట వాడుకునే మొక్కకి అడవి బంధువు అని చెప్పే మాట, అంతే. అసలు వామింట (కొన్ని ఊళ్లలో వావింట) తెల్లపూల మొక్క. దాని లేతాకు పప్పులో, పులుసులో వేసుకోవడం మన పెద్దవాళ్లకి తెలిసిందే. కుక్కవామింటలో మనకి పనికొచ్చేది ముఖ్యంగా గింజ. శాస్త్రంలో దీనిపేరు క్లియోమ్ విస్కోసా. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరది. విస్కోసా అంటే బంక కలది.

మొక్కని గుర్తుపట్టడం

ఇది ఏడాది మొక్క. మోకాలెత్తు నుంచి నడుమెత్తు వరకు పెరుగుతుంది. కింది ఆకులకి అయిదు రెక్కలు, పైకి వెళ్లేకొద్దీ మూడు రెక్కలు. కాండం, ఆకు, కాయ అన్నింటి మీదా సన్నటి నూగు, ఆ నూగు కొసల్లో జిగురు. పువ్వుకి నాలుగు పసుపు రేకులు. ఆ నాలుగూ గుండ్రంగా చుట్టూ పరుచుకోకుండా ఒక పక్కకి పైకి లేచి ఉంటాయి, కింద పక్క కేసరాలు గుత్తుగా వేలాడతాయి. కేసరాలు పది నుంచి ఇరవై దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటాయి. కాయ అంగుళమున్నర నుంచి నాలుగంగుళాల పొడుగు, పెన్సిల్ ములుకంత సన్నం, పొడవునా గీతలు. కాండానికి దగ్గరగా నిక్కి పైకి చూస్తూ ఉంటుంది. తొడిమ మీద నేరుగా కూర్చుంటుంది తప్ప తెల్లవామింట కాయలాగా మధ్యలో ఇంకో సన్నటి కాడ ఉండదు. తెల్లవామింటలో ఆ కాడ వల్లే పువ్వు సాలెపురుగు కాళ్లు చాపినట్టు కనిపిస్తుంది.

ఊదారంగు చిన్న పూలతో, మూడేసి ఆకురెక్కలతో తడి చోట్ల నేల మీద పాకే ఇంకో చుట్టం ఉంది. దానికి జిగురుండదు. పోపుకి దాని జోలికి వెళ్లొద్దు.

అసలు జాగ్రత్త బ్రహ్మదండి దగ్గర. అదీ పసుపు పువ్వే, అదీ ఖాళీ స్థలాల మొక్కే, దాని గింజలు నల్లగా గుండ్రంగా అచ్చం ఆవాల్లా ఉంటాయి. అవి విషం. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఆ గింజల నూనె కలిసి, కాళ్లు వాచి, ఊపిరాడక 60 మందికి పైగా చనిపోయారు. తేడా మాత్రం చాలా స్పష్టం: బ్రహ్మదండి ఆకుకి ముళ్లు, కాయకి ముళ్లు, ఆకు మీద తెల్లటి ఈనెలు, తుంచితే పసుప్పచ్చ పాలు. కుక్కవామింటకి ఒంటి మీద ఎక్కడా ముల్లు లేదు, పాలు రావు. ముల్లు తగిలిందంటే ఆ మొక్కని వదిలేయండి. గింజల్లోనూ తేడా ఉంది. బ్రహ్మదండి గింజ గుండు, దాని మీద వల అల్లినట్టు గళ్లు. కుక్కవామింట గింజ గుండు కాదు. అరచేతిలో వేసుకుని భూతద్దం పెట్టి చూస్తే నత్తగుల్లలాగా ఒక చుట్టు తిరిగి, రెండు కొసలూ దాదాపు కలుసుకుంటూ, వీపు మీద అడ్డంగా సన్నటి మడతలతో కనిపిస్తుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల గింజ, ముదురు గోధుమ నుంచి నలుపు రంగు. ఈ నత్తగుల్ల ఆకారం కనిపించని గింజ ఏదీ పోపులడబ్బాలోకి రాకూడదు. మీ చేత్తో, మొక్కని చూసి కోసుకున్నవే వాడండి. ఎవరో పొట్లం కట్టి ఇచ్చిన నల్లగింజల్ని నమ్మొద్దు.

ఎక్కడ కోయాలి, ఎక్కడ కోయకూడదు

జిగురు మొక్క కాబట్టి దుమ్ము దీనికి మిగతా మొక్కలకన్నా గట్టిగా పట్టుకుంటుంది. వాన పడ్డా పూర్తిగా పోదు. అందుకని హైవే వారన, పారిశ్రామికవాడల పక్కన, రేవు పరిసరాల్లో, చెత్త వేసే చోట్ల ఎంత గుబురుగా పెరిగినా ముట్టుకోవద్దు. రైల్వే పట్టాల వెంట కలుపుమందు కొడుతుంటారు, అక్కడా వద్దు. కంబాలకొండ అభయారణ్యం, అక్కడ గడ్డిపరక కోయడం కూడా తప్పే. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల్ని కూడా అలాగే వదిలేయండి. ఆ మట్టిని కాస్తోకూస్తో పట్టి ఉంచేవి ఇలాంటి మొక్కలే.

మంచి చోట్లంటే ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం వైపు మెట్ట పొలాలు. నువ్వు, వేరుశనగ, చోడి (రాగి) చేల గట్ల మీద బాగా దొరుకుతుంది. రైతుని అడిగి కోసుకోండి, కాదనేవాళ్లు తక్కువ. అయితే అడగాల్సిన రెండో మాట ఇంకా ముఖ్యం: “ఈ గట్టున కలుపుమందు ఎప్పుడు కొట్టారు?” ఈ పంటలో కొట్టారంటే ఆ ఏడాదికి ఆ గట్టు మానేయండి.

కోసే అదును

జూన్, జూలైలో మొలిచిన మొక్క ఆగస్టుకి పూతలో ఉంటుంది. గింజ కోత సెప్టెంబరు నుంచి నవంబరు దాకా సాగుతుంది. ఒకే మొక్క మీద కింద పండుకాయలు, నడిమిన పచ్చికాయలు, పైన పూలు ఉండటం దీని అలవాటు. మొక్క మొత్తం ఒకేసారి పండదు. ఒక్కసారే పీకేస్తే సగం గింజలు పచ్చివే వస్తాయి, పచ్చిగింజ వేయిస్తే చేదు. పది రోజులకోసారి చొప్పున రెండు మూడు దఫాలు కాయలు ఏరుకోవడమే సరైన పద్ధతి.

కాయ ఎండుగడ్డి రంగుకి తిరిగి, కొస ఇంకా విచ్చుకోకముందు కోయాలి. పండిన కాయ పైకొస దగ్గర చీలుతుంది. నిటారుగా ఉంటుంది కాబట్టి గింజలు వెంటనే రాలవు, కాసేపు గొట్టంలో ఉన్నట్టు ఉంటాయి. గాలికి కాండం ఊగిందా, ఇక చల్లుకుంటూ పోతాయి. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక కోస్తే సంచిలోకి కన్నా నేల మీదకే ఎక్కువ పోతాయి. పొద్దున్న ఏడు, ఎనిమిది మధ్య, మంచుతడి ఇంకా ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు కాయ మెత్తగా ఉండి పగలదు. ఒక చేత్తో కాయ కింద కాండాన్ని పట్టుకుని, కత్తెరతో కాయని కత్తిరించి, నేరుగా నూలుసంచిలో వేయండి. ప్లాస్టిక్ కవరు వద్దు. ఆ తడికి ఇంటికొచ్చేలోపే చెమర్చి, మర్నాటికి ముక్కవాసన వస్తుంది.

చేతులకి ముందే కాస్త కొబ్బరినూనె రాసుకుంటే జిగురు అంటదు. అంటినా నూనె రుద్ది తర్వాత సబ్బు పెడితే పోతుంది, ఉత్త నీళ్లకి పోదు. ఒళ్లు సున్నితంగా ఉన్నవాళ్లకి ఈ ఆకురసం మంట పెడుతుంది, చేతితొడుగులు వేసుకోవాలి. చెవిపోటుకి ఈ ఆకురసం పిండే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దయచేసి ఆ పని చేయకండి. చర్మాన్నే మండించే రసం చెవిలోపలి పొరని ఊరికే వదలదు.

మూడు మొక్కల్లో ఒకదాని కాయలు ముట్టుకోకుండా వదిలేయండి. వచ్చే ఏటికి విత్తనం అవే.

ఎండబెట్టి, బాగుచేసి, దాచడం

విశాఖలో అసలు కష్టం ఇక్కడే. అక్టోబరులో ఎండ చుర్రుమంటుంది గాని గాలిలో చెమ్మ వదలదు. పైగా అవి తుపాన్ల రోజులు. కాయల్ని నూలుగుడ్డ మీద పల్చగా పరిచి పది గంటలకి డాబా మీద పెట్టి, నాలుగింటికల్లా లోపలికి తెచ్చేయాలి. సాయంత్రం గాలికి వదిలేస్తే పగలంతా పోయిన తడి మళ్లీ పీల్చుకుంటాయి. గుడ్డ లేకుండా గచ్చు మీద ఆరబోయకండి. డాబా మీది ఇసకరేణువు ఈ గింజంతే ఉంటుంది, తర్వాత ఏ జల్లెడా దాన్ని విడదీయదు. పైన ఇంకో పల్చటి గుడ్డ కప్పితే విచ్చుకున్న కాయల నుంచి ఎగిరే గింజలు పోవు. మంచి ఎండలో రెండు మూడు రోజులు చాలు. కాయ చిదిమితే కరకరమని పొడవ్వాలి.

ఎండిన కాయల్ని నూలుసంచిలో వేసి మూతి కట్టి, కర్రతో నెమ్మదిగా కొట్టండి. తర్వాత మూడు పనులు. మొదట పప్పు జల్లెడలో పోస్తే పొట్టు, కాడలు పైన ఉండి గింజలు కిందకి దిగుతాయి. దిగినదాన్ని పిండిజల్లెడలో వేస్తే దుమ్ము, నూగు కిందకి పోయి గింజ పైన నిలుస్తుంది. ఆఖరికి చేటలో చెరగాలి. ఈ గింజ ఆవగింజకన్నా తేలిక. బియ్యం చెరిగే ఊపు పెడితే పొట్టుతోపాటు గింజా వాకిట్లో పడుతుంది. చేట ఎత్తకుండా మణికట్టుతో చిన్నగా కదపండి. ఫ్యాను కింద కూర్చోవద్దు.

ఇసక ఉందన్న అనుమానం ఏమాత్రం ఉన్నా గాలించండి. బియ్యంలో రాళ్లు తీసినట్టే. వెడల్పాటి గిన్నెలో గింజలు వేసి నీళ్లు పోసి, పైకి తేలిన పొట్టు, తాలుగింజలు వంచేయండి. తర్వాత గిన్నెని గుండ్రంగా తిప్పుతూ, నీటితోపాటు లేచిన గింజల్ని కొద్దికొద్దిగా గుడ్డలోకి వంపండి. అడుగున మిగిలేది ఇసక. ఇది అయిదు నిమిషాల్లో అయిపోవాలి. గింజల్ని నీళ్లలో నానబెట్టొద్దు. వెంటనే గుడ్డలో ఒత్తి, పరిచి, రెండు పూర్తి ఎండలు చూపించండి.

ఆరిందో లేదో తెలియడానికి ఒక గింజ ముందుపళ్ల మధ్య పెట్టి కొరకండి. టప్పున విరగాలి. మెత్తగా నలిగితే ఇంకా చెమ్ముంది, సీసాలో పెడితే బూజు పడుతుంది. చల్లారాకే సీసాలోకి ఎత్తాలి. వేడిగా ఎత్తితే మూత లోపల నీటి బొట్లు కడతాయి. పెద్ద సీసా ఒకటి కాకుండా చిన్న గాజు సీసాలు రెండు మూడు పెట్టుకుని, ఒక్కటే పోపులడబ్బా దగ్గర ఉంచండి. రోజూ తెరిచే సీసాలోకే గదా చెమ్మ వెళ్లేది. గింజలో నూనె ఉంటుంది, ఏడాది దాటితే ముక్కవాసన వస్తుంది. ముందే వేయించి దాచొద్దు, ఆ వాసన వారంలో చచ్చిపోతుంది.

సంచి నిండా కాయలు కోసినా కాఫీ గ్లాసు నిండకపోవచ్చు. నిరాశపడకండి, పోపుకి అరచెంచా నుంచి చెంచా చాలు.

పోపు వేయడం

ఆవాలు ముదురు వేడిలో చిటపటమని ఎగిరి మూకుడు దాటి పడతాయి. కుక్కవామింట గింజలు అంత గంతులేయవు. చిట్, చిట్ అని సన్నగా పగిలి, ఉన్నచోటే నురగలాంటి బుడగల మధ్య ఆడుతాయి. పక్వానికి వచ్చేసరికి నువ్వులు వేగిన వాసన, దాని వెనక జీలకర్ర ఛాయ, ఇంకా వెనక ఆవాల ఘాటు కొంచెం తగులుతాయి. పంటికింద పడితే కరుకు. ఈ కరుకు కోసమే దీన్ని వాడేది.

చిక్కేమిటంటే గింజ మొదటినుంచీ నల్లదే కాబట్టి రంగు చూసి పాకం పట్టలేం. జీలకర్ర ఎర్రబడిందని తెలుస్తుంది, దీనికి అలాంటి గుర్తు లేదు. చెవి, ముక్కు వాడాలి. నలుగురికి సరిపడే కూరకి కొలత ఇది: రెండు పెద్దచెంచాల నువ్వులనూనె లేదా వేరుశనగనూనె, ఒక టీచెంచా గింజలు, మూడు ఎండుమిరపకాయలు. నూనె మధ్యరకం మంట మీద కాగనిచ్చి ఒక్క గింజ వేసి చూడండి. అడుక్కి పోయి మౌనంగా ఉంటే వేడి చాలదు. పడగానే పొగొస్తే ఎక్కువైంది, దించి అరనిమిషం ఆగాలి. పడి, ఒక క్షణం ఆగి, చుట్టూ బుడగలు లేచి చిట్టుమంటే సరైన వేడి.

ముందు మిరపకాయలు, అవి రంగు తిరుగుతుండగా మంట తగ్గించి గింజలు. మనసులో పదిహేను, ఇరవై లెక్కపెట్టేలోపు పచ్చివాసన పోయి నువ్వుల వాసన వస్తుంది. ఆ క్షణమే కరివేపాకు గాని, కూరముక్కలు గాని పడాలి. కరివేపాకులోని తడి నూనె వేడిని ఒక్కసారి తగ్గిస్తుంది, గింజ మాడకుండా కాపాడేది అదే. అందుకని ఈ పోపులో కరివేపాకు కడిగి పూర్తిగా తుడవకండి, కాస్త తడిగానే వేయండి (ముఖం దూరంగా పెట్టుకోండి).

ఆవాలు కూడా కావాలంటే రెండూ కలిపి వేయొద్దు. ఆవాలు పేలేదాకా ఆగితే ఇది మాడుతుంది, ఇది వేగగానే ఆపితే ఆవాలు పచ్చిగా ఉంటాయి. ఆవాలు పేలడం పూర్తయ్యాక మంట తగ్గించి, అప్పుడు ఈ గింజలు. మినప్పప్పు, శనగపప్పు వేసేట్టయితే అవి ఎర్రబడ్డాకే.

చేదు వచ్చిందంటే కారణం మూడింట్లో ఒకటి. గింజ మాడింది, లేదా పచ్చికాయల గింజ, లేదా నూనె కాగకుండా వేసినందువల్ల లోపల వేగలేదు. మాడిన పోపుని కూరలో కలిపి సర్దుకుందామనుకోకండి, ఆ చేదు కూరంతా పాకుతుంది. పారబోసి మళ్లీ వేయడమే. వేయించని గింజలో ఆవాల్లో ఉన్నట్టే ఘాటు పదార్థాలుంటాయి. తడి తగిలి నలిగితే అవి విడివడి ఘాటు, చేదు పుడతాయి. వేడి నూనె ఆ మార్పు జరగకుండా ఆపేస్తుంది. ఈ సంగతి వల్లే ఆవపెట్టిన కూరకి, ఆవకాయకి ఇది ఆవపిండికి బదులు కాదు. పచ్చిది నూరితే ఘాటుకన్నా చేదు ముందొస్తుంది.

వేటిలో వేస్తే బావుంటుంది

నీళ్లలో ఉడికితే కరుకు పోయి రవ్వలా పంటికి తగులుతుంది. అందుకని వేపుళ్లు దీనికి అసలు చోటు. గఢ్వాల్‌లో పేరుపడ్డ జోడీ బంగాళాదుంప, చామదుంప. మనకీ అవే మొదలు.

అరకిలో బంగాళాదుంపల్ని కాస్త గట్టిగా ఉండగానే ఉడికించి దించి, పూర్తిగా చల్లార్చి, అంగుళం ముక్కలు కోయండి. వేడి మీద కోస్తే చిదిగి ముద్దవుతాయి. పైన చెప్పిన కొలతతో పోపు వేసి, పావు టీచెంచా పసుపు, ముక్కలు, ఉప్పు వేసి, మూత పెట్టకుండా మధ్యరకం మంట మీద పది నిమిషాలు వేయించండి. మూత పెడితే ఆవిరికి గింజ మెత్తబడుతుంది. దించాక ధనియాలపొడి ఒక చెంచా, కొత్తిమీర. ఉల్లిపాయ, మసాలా వేయొద్దు, అవి గింజ వాసనని తొక్కేస్తాయి. చామదుంపలైతే ఉడికించి ఒలిచాక చెంచాడు బియ్యప్పిండి చల్లి వేయిస్తే జిగట పోయి, గింజలు ముక్కకి అతుక్కుంటాయి. అరటికాయ, కాకరకాయ వేపుళ్లకీ ఇదే పద్ధతి. కాకరకాయకి గింజలు సగానికి తగ్గించండి.

పెరుగుపచ్చళ్లకి, ఆనపకాయ పప్పుకి, పెసరపప్పు చారుకి పోపు వంట మొదట్లో కాకుండా, వడ్డించే ముందు పైన వేయాలి. అరలీటరు పెరుగుకి అరచెంచా గింజలు, చెంచా నూనె. పోపు ఒక నిమిషం చల్లారాక కలపండి, లేకపోతే పెరుగు విరిగినట్టవుతుంది. చోడి అంబలిలో మజ్జిగ, పచ్చి ఉల్లిపాయ ముక్కలు వేసుకుని, పైన ఈ పోపు పావుచెంచా తగిలిస్తే, ఆ పులుపుకి ఈ కరుకు చక్కగా కలుస్తుంది.

కారప్పొడి కావాలంటే: శనగపప్పు రెండు పెద్దచెంచాలు, ధనియాలు ఒకటి, ఎండుమిరప పది, అన్నీ విడివిడిగా చుక్క నూనెలో వేయించి తీసేయండి. పొయ్యి ఆపేసి, ఆ మూకుడు వేడి మీదే రెండు చెంచాల కుక్కవామింట గింజలు వేసి అరనిమిషం కదిపి దించండి. ఉసిరికాయంత చింతపండు, ఆరు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పుతో ముందు మిగతావన్నీ పొడిచేసి, గింజలు ఆఖర్న వేసి ఒక్క తిప్పు తిప్పాలి. మెత్తగా అయిపోతే అసలు ప్రయోజనం పోయినట్టే. ఇడ్లీకి బావుంటుంది, వేడి అన్నంలో నెయ్యితో ఇంకా బావుంటుంది.

మొదటిసారి తినేవాళ్లు కూరకి పావుచెంచాతో మొదలుపెట్టండి. గర్భిణులకి, పసిపిల్లలకి ఇది అలవాటు చేయాల్సిన పనిలేదు. ఆకుకూర కావాలనుకుంటే కుక్కవామింట కాకుండా తెల్లవామింట లేతాకు తీసుకోండి. అయిదు నిమిషాలు ఉడికించి, ఆ నీళ్లు వంపేసి, ఆకుని పిండేసి, కందిపప్పులో చింతపండు పులుపుతో వండితే చేదు మరుగునపడుతుంది.

కుండీలో పెంచడం

ఏటా గట్లు వెతుక్కోవడం ఇష్టంలేకపోతే డాబా మీద పెంచుకోవచ్చు. ఎరువులు అక్కర్లేదు. సారం ఎక్కువైతే ఆకే పెరుగుతుంది, కాయ తగ్గుతుంది. ఎర్రమట్టి, ఇసక సగం సగం, రోజంతా ఎండ తగిలే చోటు. అయితే అక్టోబరులో కోసిన గింజ నవంబరులో చల్లితే మొలవదు. అది చెడిపోవడం కాదు, తాజా గింజకి నిద్ర ఉంటుంది. వేసవంతా సీసాలో ఉంచి, జూన్‌లో తొలివాన పడ్డాక మట్టి పైపైన చల్లి, వేళ్లతో ఒకసారి గీరి వదిలేయండి. లోతుగా పూడిస్తే మొలకలు సరిగా రావు. జానెడు ఎడం ఉండేలా మిగతావి పీకేయండి.